కాన్సర్టుకు పోతున్న, ఫోన్‌ల ఫొటోలు మంచిగ రావాలంటె ఎట్ల?

పానగల్లు_పోరడు
శనివారం, రాత్రి 9:12

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది నల్లగొండ పక్కన పానగల్లు. వచ్చే నెల హైదరాబాద్‌ల ఒక పెద్ద షో ఉంది, దోస్తులం నలుగురం టికెట్లు గొన్నం. గింత పెద్ద కాన్సర్టుకు పోవుడు నాకు ఇదే మొదలు. ఇంతకుముందు ఎన్జీ కాలేజ్ గ్రౌండ్‌ల అయిన ప్రోగ్రాములు చూసిన గని, అక్కడ తీసిన ఫొటోలు చూస్తె నాకే నవ్వొస్తది. పాడేటాయన మొఖం ట్యూబులైటు లెక్క తెల్లగ పడ్డది, చుట్టుపక్కలంత కారు నలుపు. నలభై మూడు ఫొటోలల్ల ఒక్కటి సుత స్టేటస్ పెట్టెటట్టు లేదు.

మా బావ దగ్గర పెద్ద కెమెరా ఉంది, అడిగితె ఇస్తనన్నడు. తీస్కపోవాల్నా, ఫోనే చాలా? మా టికెట్లు అగ్గువయి, స్టేజీకి దూరం. ఆ పాటలన్ని నాకు నోటికొచ్చు, గందుకే ఒక్క ఫొటో అన్న నేను తీసింది అని చూపిచ్చుకోవాలని ఉంది.

గడియారం_సెంటర్
శనివారం, రాత్రి 9:40

తమ్మీ, కెమెరా బావకే ఉండనియ్యి. టికెట్ వెనక చిన్నక్షరాలల్ల రాసుంటది చూడు, లెన్సు ఊడదీసే కెమెరాలు లోపలికి రానియ్యరు. షాన షోలల్ల అదే రూలు.

నా కత చెప్త. ఏ షోనో చెప్పను గని, నేను గిట్లనే పెండ్లికి వోతు పిల్లిని సంకన వెట్టుకున్నట్టు కెమెరా బ్యాగు ఏస్కొని పోయిన. గేటు కాడ ఆపిన్రు. సామాన్లు పెట్టుకునే రూము ఉందా అంటె లేదన్నరు. కారు లేదు, నేను వచ్చిందే బస్సుల. ఎన్కకు కిలోమీటరు నడిచి ఒక పాన్‌డబ్బా ఆయనను బతిలాడిన. రెండు వందలు తీస్కొని గుట్కా డబ్బాల ఎన్క పెట్టుకున్నడు. లోపల రెండు గంటలు పాటలు విన్ననా అంటె ఏం విన్ననో నాకే ఎరుకలేదు. ఆయన డబ్బా ఎన్ని గంటలకు బంద్ జేస్తడో అడగలే, పానమంత ఆడనే. పదిన్నరకు ఉరికిన. సగం షట్టరు దించి నా కోసమే కూసున్నడు పాపం. ఇంకో యాభై ఇచ్చిన.

పాలమూరు_పిల్ల
శనివారం, రాత్రి 9:58

మెడల కార్డేసుకొని స్టేజీ ముంగట కెమెరాలతోని ఉరికేటోళ్లు ఉంటరు కదా అంటరేమో. వాళ్లు ప్రెస్సోళ్లు, పర్మిషన్ ఉన్నోళ్లు. వాళ్లకు సుత మామూలుగ మొదటి మూడు పాటలే, ఫ్లాష్ కొట్టొద్దు, తర్వాత బయటికి పొమ్మంటరు. మనం షోఅంత ఉంటం. అందుకే మనమే నసీబున్నోళ్లం.

కొత్తకోట_కెమెరా
శనివారం, రాత్రి 10:31

నేను పెండ్లిళ్ల ఫొటోగ్రాఫర్‌ను, పదకొండేండ్ల నుంచి ఇదే పని. తమ్మీ, నీ ఫోన్ ఖరాబు లేదు. అది నీ లెక్క ఆలోచిస్తలేదు, అంతే. స్టేజీ అంటె ముప్పావు వంతు చీకటి, నడుమ ఒక మొఖం మీద పెద్ద లైటు. ఫోన్ మొత్తం చీకటిని చూసి "అయ్యో, ఏం కనవడ్తలేదు" అని వెలుతురు పెంచుతది. చీకటి బూడిద రంగైతది, మొఖం సున్నమైతది. నీ ట్యూబులైటు మర్మం ఇదే.

మొఖం మీద వేలు పెట్టి రెండు సెకండ్లు అట్లనే ఒత్తి పట్టు. ఫోకసు, వెలుతురు రెండూ లాకైతయ్. పక్కన చిన్న సూర్యుడి గుర్తొస్తది, దాన్ని కిందికి గుంజు. స్క్రీను మీద "జర చీకటైంది" అనిపిచ్చేదాక గుంజు. నలుపు తర్వాత ఇంట్ల కూసొని లేపుకోవచ్చు గని, తెల్లగ కాలిపోయిన మొఖాన్ని ఎవ్వడూ తేలేడు.

ఫ్లాష్ బంద్ పెట్టు. వేళ్లతోని సాగదీసే జూము మర్చిపో, అది ఫొటోను కోసి పెద్దగ జేసుడే. ఫోన్‌ల రెండో లెన్సు, మూడో లెన్సు ఉంటె ఆ రెండింతలు, మూడింతల నంబరు మీద ఒత్తు, అక్కడికే ఆగు. ఇంకోటి, చెప్తె నవ్వుతరు గని, ప్రతి రెండు పాటలకోసారి లెన్సు తుడువు. చెమట చేతులతోని పట్టుకుంటం, జేబుల పెడ్తం, దాని మీద నూనె పొర పడ్తది. అప్పుడు లైట్లన్ని మీసాలొచ్చినట్టు సాగుతయ్. అంగీ కొసతోని గుండ్రంగ తుడిస్తె సాలు.

మాన్యువల్ మోడుంటె షట్టరు, అంటె వెలుతురు లోపలికి వచ్చే టైము, 1/250 సెకండు కాడికి తెచ్చుకో, ఐఎస్ఓ, అంటె ఫోన్ వెలుతురును పెంచుకునే లెక్క, 1600 నుంచి 3200 దాక. జర రవ్వ రవ్వగ పడ్తది ఫొటో, పడనియ్యి. కదిలిన మొఖం కన్న రవ్వ పడ్డ మొఖం నయం.

ఇగ అసలు మాట. పాటలు నోటికొచ్చు అన్నవ్ కదా. నీకున్న సామాను అదే. పల్లవి ఎప్పుడు మల్లొస్తది, ఎక్కడ గొంతు పైకి లేస్తది, ఎక్కడ ఆగి జనానికి మైకు చూపెడ్తడు, ఇవన్ని కిరాయికొచ్చిన ఫొటోగ్రాఫర్‌కు ఎరుకుండయ్. ఎగిరెగిరి పాడే మనిషి సుత లాగి పట్టే స్వరం కాడ ఒక్క సెకండు నిలవడ్తడు. ఊపిరి పట్టాలె కదా. ఆ సెకండే నీది. మొదటి చరణంల లైట్లు ఎట్ల పడ్తున్నయో చూడు, రెండో చరణంల తియ్యి. లైట్లోడు సుత పాటను బట్టే లైట్లేస్తడు, పల్లవికి ఒక తీరు, చరణానికి ఒక తీరు. ఎర్ర లైటు, నీలం లైటు నిండుగ పడ్డప్పుడు తియ్యకు, మొఖంల కన్నూ ముక్కూ ఒకటే ముద్దైతయ్. పసుపో తెలుపో వచ్చేదాక ఆగు.

పానగల్లు_పోరడు
శనివారం, రాత్రి 10:44

అన్నా, దండం. ఇప్పుడే గడియారం స్తంభం ఫొటో ఈ తీర్ల తీసి చూసిన. లైట్లు ఫస్టుసారి లైట్ల లెక్క కనవడ్డయ్.

మల్ల ఒకటి. మొన్న మా వాడకట్టుల గణపతి కాడ వీడియో తీస్తె తెర మీద నల్ల గీతలు పైనుంచి కిందికి పారుతున్నయ్. ఫోన్ పోయిందా?

మిర్యాలగూడ_మిక్సర్
ఆదివారం, ఉదయం 7:05

పోలే. నేను సౌండు, లైట్ల పనిల ఉంట. మన కరెంటు సెకండుకు 50 సార్లు తిరుగుతది, దాంతోని నడిచే బల్బులు సెకండుకు 100 సార్లు మిణుకుతయ్. మన కంటికి దొరకది, ఫోన్ షట్టరుకు దొరుకుతది. అందుకని 1/50 గాని, 1/100 గాని పెట్టుకుంటె ఆ గీతలు చాలావరకు పోతయ్. కొత్తకోట అన్న చెప్పిన 1/250 గీతలు రాని లైట్లకు మంచిదే గని, ఎల్ఈడీ గోడ ముంగట గీతలొస్తె కిందికి దించు. స్టేజీ మీద రంగులేసే కొన్ని ఎల్ఈడీ పార్‌లైట్లు కరెంటుతోని సంబంధం లేకుంట వాటి సొంత లెక్కల మిణుకుతయ్, వాటికి మందు లేదు. లైటు మారేదాక ఆగుడే. లేజర్ లైటు నేరుగ లెన్సుల పడ్తె మాత్రం ఫోన్ పక్కకు తిప్పు. సెన్సరు మీద చుక్క పడితె మల్ల పోదు, పెద్ద కెమెరాలు సుత గిట్లనే పోయినయ్.

సౌండు సంగతి ఎవ్వరూ అడగరు, నేనే చెప్త. అందరు ముంగటికి ఉరుకుతరు, ఆ పెద్ద బేసు డబ్బాల ముంగట నిలవడ్తరు. అక్కడ పాట వినవడది, గుండె వినవడ్తది. గ్రౌండు నడిమిట్ల ఒక టెంటు ఉంటది, సౌండు మిక్సరు అండ్లనే ఉంటది. మేం అక్కడ కూసొని చెవి పెట్టి సరిజేసేది కాబట్టి, సౌండు మంచిగ వినవడేది ఆ టెంటు చుట్టుపక్కలనే. నీ టికెట్ అగ్గువదన్నవ్, వెనకబడ్డ జాగ అంటున్నవ్. నాకడిగితె అదే మంచి జాగ.

చెవులు కాపాడుకోండ్రి. 85 డెసిబెల్స్ సప్పుడు రోజుకు 8 గంటలు తట్టుకోవచ్చంటరు. మూడు పెరిగినప్పుడల్ల ఆ టైము సగం అయితది. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు. గట్ల లెక్కేసుకుంట పోతె 100 కాడ పావుగంటే. పెద్ద షోలల్ల ముంగట నిలవడితె అంతకు మించే ఉంటది. మెడికల్ షాపుల స్పాంజి ఇయర్ ప్లగ్స్ దొరుకుతయ్, జేబుల ఒక జత ఏస్కో. దూది పెట్టుకుంటె ఏం లాభం లేదు, ఊరికె.

వనపర్తి_టీచరమ్మ
ఆదివారం, ఉదయం 11:20

అందరూ ఫొటో ఎట్లా తీయాలో చెబుతున్నారు, ఎంతసేపు తీయాలో ఒక్కరు చెప్పలేదు. నా ఎత్తు నాలుగడుగుల పదకొండంగుళాలు. శంషాబాద్ దిక్కున జరిగిన ఒక షోకు మా అమ్మాయితో వెళ్లాను. రెండున్నర గంటలు నేను చూసింది నా ముందున్న అబ్బాయి ఫోన్ తెరని. అతను పాట మొదటి నుంచి చివరి దాకా చెయ్యి దించలేదు. మధ్యలో వాట్సాప్‌లో వాళ్లమ్మ "అన్నం తిన్నావా" అని పెట్టిన మెసేజ్ కూడా చదివాను.

మీకు ఒక్క ఫొటో కావాలి, సరే. వెనకున్న వాళ్లకు కూడా టికెట్ అంతే.

షాద్‌నగర్_స్పీడ్
ఆదివారం, ఉదయం 11:31

మేడం, పైసలు వెట్టి గొన్న టికెట్. యాదికి వీడియో తీసుకుంటె తప్పా? అందరు తీస్తున్నరు.

వనపర్తి_టీచరమ్మ
ఆదివారం, ఉదయం 11:40

తప్పనలేదు నాయనా. ఆ వీడియో మళ్లీ ఎన్నిసార్లు చూశావో చెప్పు.

షాద్‌నగర్_స్పీడ్
ఆదివారం, ఉదయం 11:52

…ఒక్కసారి. అండ్ల సుత నా దోస్తుగాడు కూతలు పెట్టుడే వినవడ్తది, పాట వినవడది.

మిర్యాలగూడ_మిక్సర్
ఆదివారం, మధ్యాహ్నం 12:10

అది దోస్తు తప్పు కాదు. ఫోన్ మైకు మాట్లాడుకునేటందుకు చేసింది. అంత బేసు మీదవడితె గర్రుమని పగిలిపోతది. ముప్పై సెకండ్లు తీసి జేబుల వెట్టుకుంటె ఆ యాదే సాలు. పాట మొత్తం తీసి నెట్ల పెట్టినా హక్కులున్న కంపెనీలు సౌండు తీసేస్తయ్, మూకీ సినిమా మిగుల్తది.

పాలమూరు_పిల్ల
ఆదివారం, మధ్యాహ్నం 12:25

టీచరమ్మ అన్నదాంట్ల న్యాయముంది. నేనొకటి పాటిస్త. ఫోన్ ఎత్తితె మొఖం ముంగటనే పట్టుకుంట, తలకాయ మీదికి లేపను. స్క్రీను వెలుగు తగ్గిచ్చుకుంట. ఒక పాటకు రెండే ఫొటోలు. ఇగ మిగిలిన పాటంత చేతులు ఖాళీ.

రిటైర్డ్_లెక్చరర్
ఆదివారం, సాయంత్రం 5:48

మీ మాటలు చదువుతుంటే నా రోలు కెమెరా గుర్తొచ్చింది. మా కాలంలో నల్లగొండలో ఏదైనా సంగీత కార్యక్రమం జరిగితే ఊళ్లో పది కెమెరాలు ఉంటే గొప్ప. నా దగ్గర 36 బొమ్మల రోలు, దాని మీద చిన్న ఫ్లాష్. పెళ్లికి 30 వాడి, మిగిలిన ఆరూ కచేరీకి దాచుకున్నాను. స్టేజీకి పదిహేను వరసల వెనక కూర్చుని ఆరుసార్లూ ఫ్లాష్ కొట్టాను. వారం తర్వాత స్టూడియోలో కడిగించి తెచ్చుకుంటే ఆరింటిలోనూ నా ముందు వరసలో కూర్చున్న వాళ్ల నూనె తలలు తళతళా మెరుస్తున్నాయి. వెనక స్టేజీ స్థానంలో చీకటి.

ఫ్లాష్ వెలుగు దూరం రెండింతలైతే నాలుగో వంతుకు పడిపోతుంది, మూడింతలైతే తొమ్మిదో వంతుకు. ఫిజిక్సు చెప్పే వాణ్ని, నాకు తెలియక కాదు. ఆశ. ఆ తలల్లో ఒకటి మా హెచ్‌ఓడీ గారిది, ఫొటో చూపిస్తే ఇంటికి పట్టుకెళ్లిపోయారు.

అచ్చంపేట_అడవి
సోమవారం, రాత్రి 8:15

అందరు పెద్ద షోల సంగతే చెప్తున్నరు. అన్నలారా, మన దిక్కు పాట పుట్టిన జాగ, ఇక్కడ సుత జర కెమెరా తిప్పుండ్రి. గోరటి వెంకన్న ఊరు మా జిల్లలనే. 12 మెట్ల కిన్నెర మొగులయ్య మా లింగాల మండలం అవుసలికుంట ఆయన, 2022ల పద్మశ్రీ వచ్చింది. అంతకు ముందు ఎంతమంది ఆయన ఫొటో తీసిన్రు? ఆ కిన్నెరను దగ్గరినుంచి చూసిన్రా ఎవరన్న? ఎండిన సొరబుర్రలు, వెదురు కట్టె, దాని మీద మైనంతోని అతికిచ్చిన మెట్లు. మా పాలమూరు వీరుడు పండుగ సాయన్న కత ఎత్తుకుంటె ఆ మెట్ల మీద వేళ్లు ఉరికేది చూడాలె. దీనికి గేటు లేదు, బ్యాగు చెకింగ్ లేదు, మోకాలంత దూరంల కూసొని చూడొచ్చు.

నేను మంచి ఫొటో అని చెప్పుకునేది ఒక్కటే తీసిన జిందగీల. మా పక్కూర్ల జాతర. రాత్రి ధూంధాం ప్రోగ్రాం ఉంది, స్టేజీ మీద రంగురంగుల లైట్లు, ఫాగ్ మిషిను, అంత ఏర్పాటు. నేను ఎనిమిదింటికే పోయిన. స్టేజీ ఎన్క చీకట్ల ఒక పెద్దాయన గడ్డి మంట ఏసి డప్పు కాపుతున్నడు. మంచుకు తోలు మెత్తవడ్తది కదా, కాపకుంటె మోగది. డప్పును మంట మీద అటిటు తిప్పుతున్నడు, నడుమ నడుమ చిటికెన వేలితోని కొట్టి చెవి కాడ పెట్టుకొని ఇంటున్నడు. మంట వెలుగు కిందినుంచి గడ్డం మీద, ముక్కు కింద, రెండు కండ్లల్ల. ఇంకో రెండు సార్లు కొట్టి "ఇగ పలుకుతుంది" అన్నడు, ఎవ్వరికో కాదు, దానికే. అప్పుడు తీసిన. ఫోన్‌తోనే. తర్వాత రెండు గంటలు స్టేజీ మీద ఆ డప్పే మోగింది గని, అక్కడ తీసిన ఎనభై ఫొటోలు అన్ని నీలం ముద్దలే.

కొత్తకోట_కెమెరా
సోమవారం, రాత్రి 8:40

ఆ ఫొటో పెట్టు అన్నా ఇక్కడ.

అచ్చంపేట_అడవి
సోమవారం, రాత్రి 9:02

పెట్టను. ఆయనను అడగలే. అప్పుడు అడిగి తీస్తె అంత అయిపోతుండె, మంట ఆగది కదా అని తీసిన. తర్వాత నాగర్‌కర్నూల్‌ల ప్రింట్ తీపిచ్చి ఫ్రేం గట్టిచ్చి రెండు నెలలకు తీస్కపోయి ఇచ్చిన. ఇంట్ల గోడ మీద దేవుండ్ల పటాల నడుమ కొట్టిచ్చుకున్నడు. "మస్తుమంది తీసిన్రు బిడ్డా, ఎవ్వలు తెచ్చియ్యలే" అన్నడు. ఫోన్‌ల ఉంది, అడిగొచ్చినంక పెడ్త.

వనపర్తి_టీచరమ్మ
సోమవారం, రాత్రి 9:10

ఇట్లాంటి ఫొటోకు ఫోన్ తలపైకి ఎత్తినా నేను ఏమీ అనను.

గడియారం_సెంటర్
సోమవారం, రాత్రి 9:33

సూర్యాపేట కాడి దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు సుత పోండ్రి, రెండేండ్లకోసారి మాఘమాసంల. భేరీలు, గజ్జెలు, "ఓ లింగా" అని గట్టెక్కే జనం. టికెట్ లేదు. జేబులు మాత్రం చూస్కోండ్రి, నా పాత ఫోన్ ఆడనే పోయింది.

నిర్వాహకుడు
మంగళవారం, ఉదయం 9:00

బ్లాక్‌ల టికెట్లు అమ్ముతమని పెట్టిన మూడు మెసేజ్‌లు తీసేసినం. ఇక్కడ టికెట్ల బేరం లేదు. మిగతా ముచ్చట కానియ్యుండ్రి.

పాలమూరు_పిల్ల
మంగళవారం, ఉదయం 9:45

పానగల్లు తమ్ముడూ, వాపస్ ఎట్ల వస్తరో ముందే చూసుకోండ్రి. షో రామోజీ దిక్కు అయితె మీ విజయవాడ రోడ్డు మీదనే, నల్లగొండోళ్లకు ఎదురొచ్చినట్టే. 2025 ఫిబ్రవరిల ఇంగ్లీషు పాటగాడు ఎడ్ షీరన్ షో అక్కడనే అయింది. శంషాబాద్ అయితె మా పాలమూరోళ్ల లాభం. 2024 నవంబర్‌ల పంజాబీ పాటగాడు దిల్‌జీత్ షోకు మేం జడ్చర్ల నుంచి పోయొచ్చినం, నడిరాత్రి దాటకముందే ఇంట్ల పడ్డం. గచ్చిబౌలి అయితె మాత్రం రెండు జిల్లలకు సమానంగ తిప్పలే. పదింటికి లౌడ్‌స్పీకర్లు బంద్ జెయ్యాలన్న రూలుంది కాబట్టి షో అప్పటికల్ల అయిపోతది గని, గేటు దాటి రోడ్డు మీదికొచ్చే వరకు ఇంకో గంట.

పానగల్లు_పోరడు
నెల తర్వాత, ఆదివారం, మధ్యాహ్నం 2:20

అన్నలారా, అక్కలారా, పోయొచ్చినం! మూడింటికి ఇల్లు చేరిన, ఇప్పుడే లేచిన.

మిక్సరు టెంటు కాడనే నిలవడ్డం. మొదటి పాటకు ఫోన్ జేబులకెళ్లి తియ్యలే, ఒట్టు. లైట్లు ఎట్ల పడ్తున్నయో చూసిన. రెండో పాట నుంచి పాటకు రెండు. మొత్తం 29 ఫొటోలు. 26 తీసేసిన. రెండు పర్వాలే.

మూడోది చెప్పాలె. ఆ పాటల పల్లవి రెండోసారి వచ్చినప్పుడు ఆయన మొదటి సగం పాడి ఆగుతడు, మిగిలింది మనతోని పాడిపిస్తడు. ఎన్ని వీడియోలల్ల చూసిననో. చరణం అయిపోతుంటెనే మొఖం మీద వేలు ఒత్తి పట్టి, సూర్యుణ్ని కిందికి గుంజి తయారుగున్న. నోట్లనే లెక్కవెట్టుకున్న. ఆగిండు. మైకు నోటి మీదికెళ్లి తీసి జనం దిక్కు సాపిండు, అప్పటిదాక మైకు సాటుకున్న మొఖం మొత్తం బయటవడ్డది. పసుపు లైటు ఒక చెంప మీద. నొక్కిన. నేను సుత పాడుతున్న కదా, చెయ్యి జర కదిలింది, మోకాలు కాడ ఒక నల్ల గీత సుత పడ్డది. అయినా ఆయన నవ్వు కనవడ్తుంది. పండ్లు సుత కనవడ్తున్నయ్. అంత దూరంకెళ్లి!

కొత్తకోట_కెమెరా
ఆదివారం, మధ్యాహ్నం 2:41

చూసిన తమ్మీ. గీత కాడికి కింద కోసెయ్, నడుము నుంచి మీదికి ఉంచు. నలుపు జోలికి పోకు. 6×4 ప్రింట్ తీపిచ్చుకో, అంతకన్న పెద్దగ జేస్తె రవ్వ కనవడ్తది.

మిర్యాలగూడ_మిక్సర్
ఆదివారం, మధ్యాహ్నం 3:15

చెవులెట్లున్నయ్?

పానగల్లు_పోరడు
ఆదివారం, మధ్యాహ్నం 3:18

కుడి చెవిల ఇంక కూ అంటుంది అన్నా. ప్లగ్స్ గొన్న గని మా దోస్తుగాడు మర్చిపోయొస్తె వానికి ఒకటి ఇచ్చిన.